మూడు నిండు కొలతలు

ఫిబ్రవరి 3

తమ్ముడూ,

బాగున్నావా అని అడగను. బాగాలేకపోతే నువ్వే రాస్తావు, బాగుంటే నీకు అక్క గుర్తుండదు. ఫోను చేయమని మీ బావ అంటున్నాడు. ఫోనులోనైతే నువ్వు ఆ, ఊ అని తప్పించుకుంటావు. కాగితం మీదైతే దొరికిపోతావు, అందుకే రాస్తున్నాను.

మొన్న మధ్యాహ్నం సూదుల కాంపౌండరు ఇద్దరు మనుషుల్ని వెంటేసుకుని మన మందుల దుకాణంలోకి వచ్చాడు. అతని సూదుల్లో సగం నీళ్ళేనని నేను ఊరంతా చెబుతున్నానట. చెప్పాను. అబద్ధమా ఏం? ఒకడు గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాడు. ఇంకొకడు నాన్న జాడీలు అర మీంచి ఒక్కొక్కటే తీసి నేలకేసి కొట్టాడు. అడ్డసరం ఆకు, పిప్పళ్ళు, అతిమధురం వేరు, అన్నీ గాజుపెంకుల్లో కలిసిపోయాయి. ఆపబోతే కాంపౌండరు నా జుట్టు పట్టుకుని తల గోడకేసి కొట్టాడు. నుదురు చిట్లింది. చేతికి మందులు దంచే చిన్న రోకలి అందింది. దాంతో మూతి మీద ఒక్కటిచ్చాను. తర్వాత మీ బావ నేల ఊడుస్తూ, "ఇవి అతిమధురం ముక్కలు కావే, పళ్ళు" అని రెండు ఏరి చూపించాడు.

పోతూ పోతూ వాడు నోటినిండా రక్తంతో, "నీ కషాయం పనిచేస్తుందని చదువుకున్నవాడు రాసిన కాగితం ఒక్కటి చూపించు, నోరు మూసుకుంటా. చూపించలేకపోతే ఈ కొట్టు తగలబెడతా" అన్నాడు.

కుట్ల కంటే ఆ మాటే నొప్పిగా ఉంది. ఇక్కడ కంకర కొట్టే క్రషర్ల దుమ్ముకి ఇంటికొకరు దగ్గుతూనే ఉంటారు. నాన్న ముప్ఫై ఏళ్ళు ఆ దగ్గులకు మందిచ్చాడు, ఆయన పోయాక నేనిస్తున్నాను. ఎవరూ కాగితం అడగలేదు. నువ్వేమో లాబొరేటరీలో రోగాల క్రిముల్ని పెంచి పోషిస్తున్నావు. అక్క కోసం నాలుగు క్రిముల్ని చంపి చూపించలేవా?

అడ్డసరం, పిప్పళ్ళు, అతిమధురం పొడులు మూడు పొట్లాలుగా పంపుతున్నాను. నాన్న చెప్పింది మరిచిపోకు. ఒక్కోటి విడిగా ఉత్తదే, మూడూ కలిస్తేనే మందు. కలిపేటప్పుడు ఏ ఒక్కదాని కొలతా తగ్గకూడదు. మూడూ నిండు కొలతలే. నీ ఎడమ చెవికి ఈ పాఠం ఇంకా గుర్తుండే ఉంటుంది.

దుకాణం నిలవాలంటే ఆ కాగితమొక్కటే దారి. ఆలస్యం చేశావో, బస్సెక్కి వచ్చి మరీ తంతాను.

ఐదు కుట్లతో, తల దువ్వుకోలేక,
మీ అక్క

ఫిబ్రవరి 19

అక్కా,

పొట్లాలు నలిగాయి గానీ చిరగలేదు. పోలీసులకు చెప్పావా? బావగారు ఆ సమయానికి ఎక్కడున్నారు? నువ్వు రోకలి ఎత్తావని చదివినప్పుడు మాత్రం, తప్పో ఒప్పో, నవ్వొచ్చింది.

చెవికి గుర్తుంది. పిప్పళ్ళు సగం కొలతే వేశానని నాన్న బెల్టు బకిలు వైపు తిప్పి కొట్టిన రోజు నాకు పదేళ్ళు. రెండో దెబ్బకు నువ్వు మధ్యలోకి దూరి, రెండు చేతులూ అడ్డం పెట్టావు. మిగతావన్నీ నీ చేతుల మీదే పడ్డాయి. ఆ చెవి ఇప్పటికీ సరిగా వినిపించదు. ఫోను కుడి చెవికే పెట్టుకుంటాను.

ఇక అసలు సంగతి. న్యుమోనియాతో ఆసుపత్రిలో చేరినవాళ్ళ కఫం నుంచి తీసిన బాక్టీరియా మా దగ్గర ఉంది. గాజు పళ్ళెంలో జెల్లీలాంటిది పోసి, దాని మీద ఆ బాక్టీరియా పూస్తాం. మర్నాటికల్లా తెల్లటి పొరగా పరుచుకుంటుంది. జెల్లీలో ముందే చిన్న గుంటలు చేసి మందు పోసి ఉంచుతాం. మందు పనిచేస్తే గుంట చుట్టూ బాక్టీరియా పెరగదు, శుభ్రంగా ఒక వలయం మిగులుతుంది. వలయం ఎంత వెడల్పయితే మందు అంత గట్టిదని లెక్క.

నీ పొడుల్ని స్పిరిట్‌లో నానబెట్టి సారం తీశాను. మా దగ్గర పద్ధతి అది. నీలాగా నీళ్ళలో కాచింది కూడా ఒక పళ్ళెంలో పెట్టాను, దాని సంగతి తర్వాత రాస్తాను. విడివిడిగా అయితే అడ్డసరానికి తొమ్మిది మిల్లీమీటర్లు, పిప్పళ్ళకు పది, అతిమధురానికి ఎనిమిది. పెద్దగా చెప్పుకోవలసినవి కావు. తర్వాత నాన్న చెప్పినట్టే, ఏదీ తగ్గించకుండా, మూడు నిండు కొలతలూ ఒకే గుంటలో పోశాను. అంతా పట్టడానికి గుంటను పెద్దది చేయాల్సి వచ్చింది. ఎంత వచ్చిందో తెలుసా? ఇరవై రెండు! పళ్ళెం పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి మూడుసార్లు కొలిచాను.

అక్కా, నాన్న చెప్పింది నిజం. కలిస్తేనే మందు. ఆ కాంపౌండరుకి చెప్పు.

నీ చేతుల వెనక దాక్కున్నవాడు,
తమ్ముడు

ఫిబ్రవరి 27

ఒరే బంగారం,

నీ ఉత్తరం పట్టుకుని ఏడ్చాను. నేను ఏడవడం చూసి మీ బావ భయపడి మంచినీళ్ళు తెచ్చాడు. తాగకుండా ఆయన నెత్తిన పోశాను, అంత సంతోషం వేసింది.

రెండో పేజీని దుకాణం ముందు అద్దానికి లోపలివైపు అతికించాను. పైన మీ బావ చేత అట్ట మీద "ఇరవై రెండు" అని ఎర్ర రంగుతో రాయించాను. జనం ఆగి చదువుతున్నారు. చదువు రానివాళ్ళకు నేను చదివి వినిపిస్తున్నాను. మిల్లీమీటర్లంటే ఏమిటని ఎవరో అడిగితే, ఎన్నుంటే అన్ని క్రిములు చచ్చినట్టు అని చెప్పాను. సరిగ్గానే చెప్పానా?

కాంపౌండరు కూడా వచ్చాడు. ముందు పళ్ళు లేవు కదా, పెదవులు కదిలిస్తూ మెల్లగా చదివాడు. చివరికి వచ్చేసరికి మొహం నల్లబడింది. అద్దం మీద ఉమ్మేసి పోయాడు. ఆ సాయంత్రమే రాళ్ళు పడ్డాయి. ఒకటి మీ బావ వీపుకు తగిలింది. నేను అదే రాయి తీసి తిరగ్గొట్టాను, ఒకడు మోకాలు పట్టుకుని కుంటుకుంటూ పారిపోయాడు. అద్దం మాత్రం పగల్లేదు. నీ కాగితానికి ఏమీ కాలేదు.

రోజుకు ఇరవై పొట్లాలు పోయేవి, ఇప్పుడు అరవై కడుతున్నాను. దంచి దంచి భుజాలు పడిపోతున్నాయి. నాన్న ఉంటే ఈ ఉత్తరం జేబులో పెట్టుకుని ఊరంతా తిరిగేవాడు. నిన్ను మాత్రం మెచ్చుకునేవాడు కాదనుకో.

గర్వంతో ఊగిపోతూ,
అక్క

మార్చి 9

అక్కా,

నీ ఉత్తరం అందింది. సంతోషం. అయితే ఒక చిన్న మాట.

ప్రయోగంలో కొన్ని విషయాలు మళ్ళీ చూడవలసి ఉంది. మా లాబొరేటరీ మేడమ్ కూడా అదే అన్నారు. ఇలాంటివి ఒకసారి వచ్చాయని ఖాయం చేయకూడదు, చాలాసార్లు చేసి చూడాలి. కాబట్టి ప్రస్తుతానికి ఆ కాగితం అద్దం మీంచి తీసేస్తే బాగుంటుంది. ఎవరైనా అడిగితే ఇంకా పరీక్షలు జరుగుతున్నాయని చెప్పు.

ఇక్కడ పని ఎక్కువగా ఉంది. తీరిగ్గా మళ్ళీ రాస్తాను. నీ కుట్లు విప్పారా? బావగారి వీపు ఎలా ఉంది?

తమ్ముడు

మార్చి 16

ఏరా,

ఇంత చల్లటి ఉత్తరం నాకెప్పుడూ రాయలేదు నువ్వు. "తీసేస్తే బాగుంటుంది" అట. ఎవరికి బాగుంటుంది?

నాకు అర్థమైంది. మీ మేడమ్ కన్ను పడింది. రెండు తరాల మందు, మందుల దుకాణం ఆడమనిషిదైతే ఏం గొప్ప? ఆవిడ పేరు మీద అచ్చు వేసుకుంటే గొప్ప. అందాకా అక్క నోరు మూసుకుని కూర్చోవాలి. ఆవిడకు ఎదురు చెప్పే ధైర్యం లేక నన్ను తీసేయమంటున్నావు. చిన్నప్పుడూ అంతే. ఎవరైనా కళ్ళెర్రజేస్తే నా కొంగు చాటుకొచ్చేవాడివి.

తీయను. నీ రాతే అది, నేను కల్పించింది కాదు. తప్పుంటే తప్పని రాసేవాడివిగా? రాయలేదు.

పైగా ఇప్పుడు తీస్తే నన్ను నమ్మినవాళ్ళు ఏమనుకుంటారు? నిన్న క్రషర్ లారీ డ్రైవరు నాలుగేళ్ళ కూతుర్ని భుజాన వేసుకుని వచ్చాడు. పిల్ల ఊపిరి తీస్తుంటే డొక్కలు లోపలికి పోతున్నాయి. ఆసుపత్రిలో మాత్రలూ సిరపూ ఇచ్చారట, అవి వేస్తే విరేచనాలట. అద్దం ముందు నిలబడి నీ కాగితం రెండుసార్లు చదివాడు. "ఇవి మానేసి మీ మందే వేయొచ్చా అక్కా?" అని అడిగాడు. నేనేమీ అనలేదు, అద్దం వైపు చెయ్యి చూపించాను. పాప నా చేతిలో అతిమధురం ముక్క లాక్కుని చప్పరిస్తూ పోయింది.

నీ మేడమ్‌కి నా నమస్కారాలు చెప్పకు.

అక్క

మార్చి 28

బావమరిదీ,

అక్క చెబుతుంటే నేను రాస్తున్నాను. ఆమె చేతులకు కట్లున్నాయి. తిట్లు వదిలేశాను, మిగతావి ఆమె మాటలే.

తమ్ముడూ, పాప పోయింది. ఇరవై రెండో తేదీన పోయింది. ఆ మర్నాడు పొద్దున్న డ్రైవరు నేరుగా దుకాణానికి వచ్చాడు. చేతిలో చక్రాల బోల్టులు విప్పే రాడ్డు ఉంది. ముందు అద్దం కొట్టాడు. తర్వాత అరలు. తర్వాత మీ బావని, పక్కటెముక మీద. (రెండు విరిగాయి, పరవాలేదు, కట్టు కట్టారు. బావ) ఆ తర్వాత నా వైపు తిరిగాడు.

పగిలిన అద్దంలోంచి నీ కాగితం చింపి నా మొహం ముందు పెట్టాడు. "ఈ తమ్ముడెవడు? ఎక్కడుంటాడు? అడ్రసు చెప్పు" అన్నాడు. చెప్పలేదు. తల మీదికి రాడ్డు ఎత్తాడు, చేతులు అడ్డం పెట్టాను. మళ్ళీ అడిగాడు. చెప్పలేదు. అడిగిన ప్రతిసారీ ఒక దెబ్బ. నాలుగుసార్లు అడిగాడు. కుడిచేతికి మూడు వేళ్ళు విరిగాయి, చిటికెన వేలు తీసేశారు. ఎడమ చెయ్యి మణికట్టు దగ్గర ఎముక చీలింది, అది అతుక్కుంటుందంటున్నారు.

వీధిలో అందరూ నిలబడి చూశారు. కాంపౌండరు డీజిల్ డబ్బా తెచ్చాడు. పట్టపగలు, పదిమంది ముందు, నాన్న దుకాణం తగలబడింది. మమ్మల్ని ఇద్దర్నీ ఎవరో కాళ్ళు పట్టుకుని రోడ్డు మీదికి ఈడ్చారట. నాకు గుర్తులేదు. డ్రైవరు మాత్రం పారిపోకుండా మంటల ముందు కూర్చుని ఉన్నాడట, పోలీసులు వచ్చేదాకా.

ఇప్పుడతను లోపల ఉన్నాడు. హత్యాయత్నం కేసు. ఏప్రిల్ పద్దెనిమిదిన వాయిదా. నేను వెళ్ళి జరిగింది చెప్పాలి. అతనికి శిక్ష పడాలి. కడుపుకోత నాకు అర్థం కాక కాదు. పిల్లని ఆలస్యంగా తెచ్చాడు, ఇంటికెళ్ళి కొలత తగ్గించి ఉంటాడు, ఆ తప్పు నా నెత్తిన రుద్దాడు. మందు తప్పు కాదు. ఆ మాట కోర్టులో చెప్పాలంటే నువ్వు ఇంకో కాగితం పంపాలి. ఈసారి మీ మేడమ్ సంతకంతో, ముద్రతో. వెంటనే పంపు. నేను నా వేళ్ళిచ్చాను, నువ్వు కాగితమివ్వలేవా?

(నిజానికి తిట్లు ఏమీ లేవు బావమరిదీ. తిట్టడం మానేసింది. అదే నాకు భయంగా ఉంది. బావ)

ఏప్రిల్ 5

అక్కా,

కాగితం పంపడం లేదు. పంపడానికి లేదు. ఇది మొత్తం చదివించుకో, మధ్యలో ఆపమనకు.

మార్చి మొదటి వారంలో మా మేడమ్ నా పళ్ళాలు చూశారు. "ఉత్త స్పిరిట్ పోసిన గుంట ఏది?" అని అడిగారు. లేదు. స్పిరిట్ దానంతటదే బాక్టీరియాని చంపుతుంది. సారం తీశాక దాన్ని పూర్తిగా ఆరబెట్టాలి, పక్కన ఉత్త స్పిరిట్‌తో ఒక గుంట పెట్టి సరిచూడాలి. ఇది మా దగ్గర మొదటి రోజు నేర్పే పాఠం. నేను తొందరలో రెండూ చేయలేదు. మేడమ్ పళ్ళెం తీసి బల్ల మీద విసిరికొట్టారు. గాజు ముక్క ఎగిరి నా చెంప కోసుకుంది. నేను తుడుచుకోకుండా అలాగే నిలబడ్డాను.

అదే రోజు ఆకూ వేరూ ఏమీ లేకుండా ఉత్త స్పిరిట్ పోసి చూశాను. ఒక కొలతకు తొమ్మిది. మూడు కొలతలకు ఇరవై ఒకటి.

అర్థమైందా అక్కా? మూడు మందులు కలిసి చేసింది కాదది. ఒక గుంటలో పోసినదానికి మూడింతలు ఇంకో గుంటలో పోశాను. కలిపి పరీక్ష చేసేటప్పుడు ఒక్కోదాన్ని మూడో వంతుకు తగ్గించి, మొత్తం సమానంగా ఉంచాలి. లాబొరేటరీలో ఎవరైనా అలాగే చేస్తారు. తగ్గించబోతే నా చెయ్యి ఆగిపోయింది. నాన్న చచ్చి ఆరేళ్ళయినా, సగం కొలత చూస్తే నాకు బెల్టు కనిపిస్తుంది. ఇది సాకు కాదు, జరిగింది చెబుతున్నాను.

ఇంకొకటుంది. నీలాగా నీళ్ళలో కాచిన కషాయం సంగతి తర్వాత రాస్తానన్నాను. దాని చుట్టూ వలయమే లేదు. సున్నా. గుంట అంచుదాకా బాక్టీరియా దట్టంగా పెరిగింది. అది నాకు ఫిబ్రవరిలోనే తెలుసు. నువ్వు నుదుటి మీద కుట్లతో ఎదురుచూస్తున్నావు, మొదటి ఉత్తరంలోనే సున్నా అని రాయలేకపోయాను. గొంతుకు హాయినిస్తుందేమో గానీ, న్యుమోనియాని మన కషాయం ఏమీ చేయలేదు. కనీసం నా పళ్ళెంలో ఏమీ చేయలేదు.

మార్చి తొమ్మిదిన ఉత్తరం రాసేటప్పుడు ఇదంతా నాకు తెలుసు. "మందు పనిచేయలేదు, అద్దం మీద కాగితం చింపెయ్" అని ఒక్క వాక్యం రాస్తే సరిపోయేది. నాలుగు కాగితాలు చింపి, చివరికి ఆ పిరికి ఉత్తరం పోస్టు చేశాను. పాప గురించి నువ్వు రాసింది ఇరవయ్యో తేదీన అందింది. వెంటనే ఫోను చేశాను. నువ్వెత్తి "చెప్పరా" అన్నావు. ఆ గొంతులో అంత నమ్మకం వినేసరికి ఫోను పెట్టేశాను. మళ్ళీ చేద్దాం అనుకున్నాను. ఆ తర్వాత పాప ఇంకా రెండు రోజులు బతికే ఉంది.

కోర్టులో నువ్వేం చెబుతావో నీ ఇష్టం. నేను ఇక్కడ మేడమ్‌కి అంతా చెప్పేశాను.

తమ్ముడు

ఏప్రిల్ 20

తమ్ముడూ,

ఎడమచేత్తో రాస్తున్నాను. కట్టు కోర్టుకు ముందురోజే విప్పారు. అక్షరాలు వంకరగా ఉంటాయి, ఓపిగ్గా చదువు.

నీ ఉత్తరం మీ బావ చదివాడు. సున్నా దగ్గర ఆగిపోయాడు, నేనే చదవమన్నాను. అయిపోయాక అన్నం కంచం కాలితో తన్నాను. ఆ తర్వాత గోడకేసి నా తల నేనే కొట్టుకున్నాను, కాంపౌండరు కొట్టిన చోటే. మీ బావ విరిగిన ఎముకలతో వచ్చి నన్ను పట్టుకున్నాడు. ఆ రోజు నువ్వు ఎదురుగా ఉంటే చంపేసేదాన్ని. మాటవరసకు అనడం లేదు. ఏ చేత్తో, ఎలా అని కూడా ఆలోచించాను.

నాలుగుసార్లు అడిగాడురా. నాలుగుసార్లూ నిజాన్ని కాపాడుతున్నాననుకున్నాను. కాపాడింది నిన్ను మాత్రమే.

పద్దెనిమిదిన కోర్టుకు వెళ్ళాను. డ్రైవరు బోనులో ఉన్నాడు. గడ్డం పెరిగి గుర్తుపట్టలేకపోయాను. అతను నన్ను కొట్టాడని చెప్పాను, అది నిజం కాబట్టి. తర్వాత నీ ఉత్తరాలు మూడూ ఇచ్చాను. మార్చి తొమ్మిదిది, ఏప్రిల్ అయిదుది, ఇరవై రెండు అని రాసినదాంట్లో మిగిలిన మొదటి పేజీ. "తమ్ముడు తీసేయమంటే తీయనిదాన్ని నేను. మాత్రలు మానేయొచ్చా అని అడిగితే చెయ్యి చూపించినదాన్ని నేను. ఆ చెయ్యే ఇతను విరగ్గొట్టాడు" అని చెప్పాను. డ్రైవరుకి బెయిలు ఇచ్చారు, ఊరు దాటకూడదని షరతు పెట్టారు. నా మీద కేసు పెడతారట. పెట్టుకోనీ.

బయట వరండాలో పాప తల్లి ఎదురొచ్చింది. ఆమెని అంతకుముందు చూడలేదు. సన్నగా, నా భుజం దాకా ఉంటుంది. రెండు చెంపలూ వాయించింది. తర్వాత పిడికిళ్ళతో ఛాతీ మీద, మెడ మీద, ఎక్కడ అందితే అక్కడ. మీ బావ అడ్డు రాబోతే వద్దన్నాను. ఈసారి నేను చేతులు ఎత్తలేదు. నా పెదవి చిట్లి రక్తం ఆమె వేళ్ళకు అంటుకుంటే, ఆగి, చీరకు తుడుచుకుంది. అప్పుడు అడిగింది.

"నీ తమ్ముడుండేది ఎక్కడ?"

చెప్పాను. ఎడమచేత్తో కాగితం మీద రాసి కూడా ఇచ్చాను. నా రాత ఆమెకు అర్థం కాకపోతే మీ బావ చదివి వినిపించాడు. వీధి పేరు, మెట్లు ఎక్కాక ఎడమవైపు రెండో తలుపు, నువ్వు ఇంటికొచ్చే వేళ, అన్నీ. ఏ బస్సెక్కాలో కూడా చెప్పాను.

గురువారం వస్తుంది. చేతిలో ఏముంటుందో నాకు తెలియదు, నేను అడగలేదు. ఏమీ ఉండకపోవచ్చు. తలుపు తియ్యి. కుర్చీ వేసి కూర్చోబెట్టు. నాకు రాసినట్టే, మొదటి నుంచి చివరి దాకా, సున్నా ఎప్పుడు తెలిసిందో, ఫోను ఎందుకు పెట్టేశావో, అంతా ఆమె మొహం చూస్తూ చెప్పు. ఒక్క ముక్క తగ్గించకు. ఆ తర్వాత ఆమె ఏం చేస్తే అది పడు.

ఈసారి మధ్యలో నేను ఉండను.

అక్క